మీటర్ సున్నా చూపించింది, చిప్ మాత్రం నడుస్తోంది: తక్కువ కరెంట్ ప్రాసెసర్ల కథ

ఈ రోజు ఒక సున్నా గురించి మాట్లాడుకుందాం. లెక్కల పేపర్లో వచ్చే సున్నా కాదు లెండి. 1985లో ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒక కరెంట్ మీటర్ చూపించిన సున్నా.

ఏకార్న్ అని ఒక చిన్న కంప్యూటర్ కంపెనీ. వాళ్లు సొంతంగా డిజైన్ చేసిన మొట్టమొదటి ప్రాసెసర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ఏప్రిల్ 26న. బోర్డు మీద పెట్టారు, ఆన్ చేశారు, ఫస్ట్ టైమ్‌కే పనిచేసింది. చిప్ డిజైన్ చేసేవాళ్లని ఎవరినైనా అడగండి, మొదటి ముక్కే సరిగ్గా పనిచేయడం ఎంత అరుదో చెప్తారు. అసలు విచిత్రం ఆ తర్వాత. డిజైన్ చేసిన ఇద్దరిలో ఒకరు స్టీవ్ ఫర్బర్. ఇది ఎంత కరెంట్ తాగుతుందో చూద్దామని ఆయన సప్లై లైన్‌లో మీటర్ పెట్టాడు. మీటర్ సున్నా చూపిస్తోంది. చిప్ మాత్రం ప్రోగ్రామ్ నడుపుతోంది!

వెతికితే తేలిందేంటంటే, టెస్ట్ బోర్డులో లోపం వల్ల చిప్‌కి పవర్ సప్లై అసలు అందడమే లేదు. మరి ఎలా నడుస్తోంది? పక్కనున్న వేరే చిప్‌ల నుంచి సిగ్నల్ పిన్నుల ద్వారా కొంచెం కొంచెం కరెంట్ లోపలికి జారుతోంది. ప్రతి పిన్ను దగ్గరా రక్షణ కోసం చిన్న డయోడ్లు పెడతారు, వాటి గుండా అది పవర్ లైన్‌లోకి చేరుతోంది. మన ఇంటి కుళాయికి ట్యాంక్ కనెక్షనే లేదు, పక్కింటి పైపు నుంచి ఊరిన నీళ్లతో బిందె నిండింది అనుకోండి. అలా అన్నమాట.

ఆ చిప్ పేరు ఏకార్న్ రిస్క్ మెషీన్. షార్ట్‌గా ఆర్మ్. మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్ పది వేలదైనా, లక్షదైనా, దాని లోపలి ప్రాసెసర్ ఆ వంశందే.

ఇప్పుడు ప్రశ్న. బ్యాటరీతో నడిచే డివైస్‌ల కోసం ముందుచూపుతో దీన్ని తక్కువ కరెంట్ చిప్‌గా తయారుచేశారా? కానే కాదు. వాళ్లు తయారుచేస్తున్నది గోడ ప్లగ్‌కి పెట్టుకునే డెస్క్‌టాప్ కంప్యూటర్. తక్కువ కరెంట్ అనేది డబ్బుల్లేక వచ్చింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1981లో ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ తెచ్చింది. బ్రిటన్ జనాలకి కంప్యూటర్ నేర్పాలని బీబీసీ టీవీ సంస్థ ఒక పెద్ద కార్యక్రమం పెట్టింది, దానికి కావాల్సిన మెషీన్ ఇదే. లోపల 6502 అనే 8 బిట్ ప్రాసెసర్, స్పీడ్ 2 మెగాహెర్ట్జ్. స్కూళ్లలోకి వెళ్లింది, బాగా అమ్ముడైంది. మరి దీని తర్వాత మెషీన్‌కి ఏ ప్రాసెసర్ వాడాలి? మార్కెట్‌లో ఉన్న 16 బిట్ చిప్‌లన్నీ టెస్ట్ చేశారు. ఏదీ నచ్చలేదు. కంప్లైంట్స్ ముఖ్యంగా రెండు. ఒకటి, మెమరీ ఎంత వేగంగా డేటా ఇవ్వగలదో అంత వేగంగా ఈ చిప్‌లు తీసుకోలేకపోతున్నాయి. రెండు, ఇంటరప్ట్ వస్తే స్పందించడం లేట్. అంటే చిప్ ఒక పనిలో ఉండగా కీబోర్డో డిస్కో "ఇటు చూడు" అని పిలిస్తే, చేతిలో ఉన్న పొడవాటి ఇన్‌స్ట్రక్షన్ పూర్తిచేశాక గానీ పలకవు. ఈ రెండో కంప్లైంట్ గుర్తుపెట్టుకోండి, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ అవసరం పడుతుంది.

ఇక డిజైన్ చేసిన ఇద్దరిలో రెండో వ్యక్తి సోఫీ విల్సన్. నా లెక్కలో ఈ కథకి హీరో ఆవిడే. 1983లో విల్సన్, ఫర్బర్ అమెరికాలోని అరిజోనా వెళ్లారు. 6502 డిజైనర్లలో ఒకడైన బిల్ మెన్ష్ అక్కడ కొత్త చిప్ చేస్తున్నాడు. పెద్ద ల్యాబ్, అద్దాల బిల్డింగ్, వందల మంది ఇంజనీర్లు ఉంటారనుకుని వెళ్తే, ఒక మామూలు ఇంట్లో నలుగురైదుగురు కూర్చుని పని చేసుకుంటున్నారు. తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ ఒకటే ఆలోచన: ప్రాసెసర్ డిజైన్ అంటే ఇంతేనా, అయితే మనమూ చేద్దాం!

అప్పటికే కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి రిస్క్ మీద పేపర్లు వచ్చి ఉన్నాయి. ఐడియా సింపుల్. చిప్‌లో రకరకాల క్లిష్టమైన ఇన్‌స్ట్రక్షన్లు కుక్కే బదులు, తేలికైనవి కొన్నే పెట్టి, అవి వేగంగా నడిచేలా చేయడం. విల్సన్ ఆ ఇన్‌స్ట్రక్షన్లు డిజైన్ చేసింది, ఫర్బర్ లోపలి నిర్మాణం చూసుకున్నాడు. మొత్తం ప్రాసెసర్‌కి మోడల్‌ని బేసిక్ లాంగ్వేజ్‌లో దాదాపు 800 లైన్లలో రాసి టెస్ట్ చేశారు. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో కూడా అంతకంటే ఎక్కువ కోడ్ ఉంటుంది! (సగం గూగుల్‌లోదే అనుకోండి, అది వేరే సంగతి.)

కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన హెర్మన్ హౌజర్ తర్వాతి రోజుల్లో నవ్వుతూ ఒక మాట చెప్పేవాడు. ఇంటెల్, మోటరోలా తమ ఇంజనీర్లకి ఎప్పుడూ ఇవ్వనివి నేను మా వాళ్లకి రెండిచ్చాను, డబ్బులు ఇవ్వలేదు, మనుషులను ఇవ్వలేదు అని.

డబ్బులు లేకపోవడం కరెంట్ దాకా ఎలా వెళ్లిందో చూడండి. చిప్‌ని ఒక డబ్బాలో సీల్ చేయాలి కదా, దాన్నే ప్యాకేజ్ అంటారు. సిరామిక్‌ది ఎంత వేడినైనా తట్టుకుంటుంది, కానీ ఖరీదు. ప్లాస్టిక్‌ది చవక, కానీ చిప్ ఒక వాట్ దాటి కరెంట్ తాగితే ఆ వేడికి కష్టం. ఏకార్న్ ప్లాస్టిక్కే పెట్టగలదు. అంటే ఎట్టి పరిస్థితుల్లోనూ ఒక వాట్ లోపే ఉండాలి. ఇంకో చిక్కేంటంటే, చిప్ ఎంత కరెంట్ తీసుకుంటుందో ముందుగా కచ్చితంగా లెక్కేసే టూల్స్ వాళ్ల దగ్గర లేవు. అందుకని ప్రతి చోటా జాగ్రత్త పడ్డారు, జాగ్రత్త మీద జాగ్రత్త. చివరికి కొలిస్తే వాట్‌లో పదో వంతు! పైగా ట్రాన్సిస్టర్లు 25 వేలే. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 386లో 2 లక్షల 75 వేలు. పని చేయాల్సిన ట్రాన్సిస్టర్లే తక్కువైనప్పుడు కరెంట్ ఎవరు తాగుతారు?

అయితే ఆ గొప్పతనం అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. 1987లో ఈ చిప్ తర్వాతి రూపంతో ఆర్కిమిడీస్ అనే కంప్యూటర్ వచ్చింది. గోడకి ప్లగ్ ఉన్నప్పుడు పదో వంతు వాట్ తాగితే ఏంటి, పది వాట్లు తాగితే ఏంటి? ఈలోపే ఏకార్న్ అప్పుల్లో పడి, 1985లోనే ఇటలీ కంపెనీ ఒలివెట్టి చేతికి వెళ్లిపోయింది.

ట్విస్ట్ ఆపిల్ నుంచి వచ్చింది. చేతిలో పట్టుకుని పెన్నుతో రాసుకునే న్యూటన్ అనే డివైస్ వాళ్లు చేస్తున్నారు. బ్యాటరీ మీద నడవాలి. ముందు అనుకున్న ఏటీ అండ్ టీ ప్రాసెసర్ కుదరలేదు. వెతుక్కుంటూ కేంబ్రిడ్జ్ వచ్చారు. 1990 నవంబర్‌లో ఆపిల్, ఏకార్న్, చిప్‌లు తయారుచేసే వీఎల్‌ఎస్‌ఐ టెక్నాలజీ, ఈ ముగ్గురూ కలిసి ఆర్మ్‌ని వేరే కంపెనీగా పెట్టారు. ఏకార్న్ ఇచ్చిన పెట్టుబడి ముఖ్యంగా 12 మంది ఇంజనీర్లు. ఆఫీసు కేంబ్రిడ్జ్ పక్క పల్లెలో ఒక పాత ధాన్యపు కొట్టం. ఇంగ్లీషువాళ్లు బార్న్ అంటారు, మన గాదె లాంటిది.

న్యూటన్ 1993లో వచ్చింది, పెద్దగా ఆడలేదు. కానీ కొత్త కంపెనీకి సారథిగా వచ్చిన రాబిన్ సాక్స్‌బీ ఒక లైన్ పట్టుకున్నాడు. మనం చిప్ తయారు చేయొద్దు, డిజైన్ మాత్రమే అమ్ముదాం. లైసెన్స్‌కి ముందు కొంత తీసుకుందాం, తర్వాత అమ్ముడైన ప్రతి చిప్ మీద కొంచెం రాయల్టీ. ఒకే కస్టమర్ మీద ఆధారపడితే న్యూటన్‌తో పాటు మునిగిపోయేవాళ్లు.

ఇప్పుడు నోకియా. మీలో చాలామంది పుట్టకముందు, మీ నాన్నగారి జేబులో ఉన్న ఫోన్ అన్నమాట. నోకియాకి ఆర్మ్ చిప్ నచ్చింది కానీ ఒక పేచీ పెట్టింది. ఆర్మ్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ 32 బిట్లు, అంటే 4 బైట్లు. దాంతో ప్రోగ్రామ్ సైజు పెరుగుతుంది, ఎక్కువ మెమరీ కొనాలి, ఫోన్ రేటు పెరుగుతుంది. దీనికి జవాబుగా ఆర్మ్ ఇంజనీర్లు థంబ్ అనేది కనిపెట్టారు. ఎక్కువగా వాడే ఇన్‌స్ట్రక్షన్లకి 16 బిట్ల పొట్టి రూపం. ప్రోగ్రామ్ సైజు దాదాపు మూడో వంతు తగ్గింది. ఇది రేటు గొడవలా కనిపిస్తుంది కానీ, కరెంట్ విషయం కూడా. చిప్ లోపల రెండు నంబర్లు కూడటానికి అయ్యే ఖర్చు కన్నా, బయటి మెమరీ నుంచి ఒక ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. వంటకి గ్యాస్ కన్నా బజారుకి తిరిగే పెట్రోల్ ఖర్చు ఎక్కువైనట్టు. సంచి చిన్నదైతే ట్రిప్పులు తగ్గుతాయి.

ఆ డిజైన్‌తో వచ్చిన ఫోన్ నోకియా 6110. అవును, స్నేక్ గేమ్ ఉన్న ఫోన్. ఆర్మ్ ప్రాసెసర్‌తో వచ్చిన మొదటి జీఎస్‌ఎం ఫోన్ అదే. తర్వాత ఫోన్ల ప్రపంచం మొత్తం అటే వెళ్లింది.

మరి ఇంటెల్ ఏం చేస్తోంది? ఇది నాకు భలే ఆసక్తిగా అనిపించే భాగం. డిజిటల్ ఈక్విప్‌మెంట్ అనే కంపెనీ 1996లో స్ట్రాంగ్‌ఆర్మ్ అనే చిప్ తెచ్చింది, ఒక వాట్ లోపే 160 మెగాహెర్ట్జ్. ఒక కోర్టు కేసు సెటిల్‌మెంట్‌లో అది ఇంటెల్ చేతికి వచ్చింది, ఎక్స్‌స్కేల్ అని పేరు మారింది. ఆర్మ్ చిప్ ఇంటెల్ జేబులోనే ఉందన్నమాట! 2006లో దాన్ని మార్వెల్‌కి 60 కోట్ల డాలర్లకి అమ్మేశారు. 2007లో ఐఫోన్ వచ్చింది, లోపల శామ్‌సంగ్ తయారుచేసిన ఆర్మ్ చిప్. అప్పటి ఇంటెల్ బాస్ పాల్ ఒటెలినీ 2013లో పదవి దిగిపోయే సమయంలో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు: ఆపిల్ ఇస్తానన్న రేటు మా ఖర్చు అంచనా కన్నా తక్కువ, అందుకే వదిలేశాం, కానీ ఆ అంచనాయే తప్పు అని.

ఇక్కడిదాకా ఫోన్ల కథ. కానీ ఇప్పుడు ప్రాసెసర్లు ఉన్నవి ఫోన్లలో మాత్రమే కాదు. చేతికి బ్యాండ్, తలుపుకి సెన్సర్, పొలంలో మట్టి తేమ కొలిచే డబ్బా. ఫోన్‌కి రోజూ ఛార్జింగ్ పెడతాం. పొలంలో డబ్బాకి ఎవరు పెడతారు? ఇక్కడ "నడుస్తున్నప్పుడు ఎంత తాగుతుంది" అన్న పాత ప్రశ్న సరిపోదు.

నేను ఉద్యోగం చేసిన మొదటి కంపెనీ, పేరొద్దు, ఇలాంటి తేమ సెన్సర్లే అమ్మేది. నేను చేరేసరికే చిప్ సెలెక్షన్ అయిపోయింది: వైఫై చిప్. ఆఫీసులో అందరికీ తెలిసిన చిప్, చవక, కోడ్ రాయడం ఈజీ. గుంటూరు దగ్గర మిరప తోటలో పెడితే మూడు వారాలకే బ్యాటరీలు అయిపోయాయి. మార్చడానికి వెళ్లినప్పుడు ఆ రైతు, పెద్దాయన, నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అబ్బాయ్, మట్టి పట్టుకు చూస్తే తడి ఉందో లేదో నా వేళ్లకే తెలుస్తది. నీ డబ్బాకి నెలనెలా సెల్లులు కొనిపెట్టే బదులు నా వేళ్లే నయం గదా!" అంతే, డబ్బాలు వెనక్కిచ్చేశాడు. ఆ సీజన్‌కి ఆయన కట్టిన అడ్వాన్స్ మాత్రం వెనక్కి రాలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం, స్కిప్ చేయకండి. వాచీల్లో, కారు రిమోట్లలో ఉండే రూపాయి బిళ్ల సెల్ తెలుసు కదా, సీఆర్2032. దాని కెపాసిటీ సుమారు 220 మిల్లీయాంప్ అవర్లు. మన చిప్ నడిచేటప్పుడు 10 మిల్లీయాంప్‌లు తీసుకుంటుందనుకుందాం. ఆపకుండా నడిపితే 22 గంటలు. ఒక్క రోజు కూడా రాదు. ఇప్పుడు అదే చిప్‌ని నిమిషానికి ఒక్కసారి, 10 మిల్లీసెకండ్లు మాత్రమే లేపి, మిగతా టైమ్ నిద్రపుచ్చుదాం. నిద్రలో 2 మైక్రోయాంప్‌లు. సగటు తీస్తే సుమారు 3.7 మైక్రోయాంప్‌లు. సెల్ ఎన్నాళ్లొస్తుంది? కాగితం మీద 6 ఏళ్ల పైనే! నిజానికి సెల్ తనంతట తాను కూడా కొంత కారుతుంది కాబట్టి తగ్గుతుంది, అయినా ఏళ్ల లెక్కే.

ఇప్పుడు రెండు మార్పులు చేద్దాం. మొదటిది, నడిచేటప్పుడు కరెంట్ డబుల్, 20 మిల్లీయాంప్‌లు. బ్యాటరీ ఇంకా నాలుగున్నర ఏళ్లు వస్తుంది. రెండోది, నడిచే కరెంట్ ముట్టుకోకుండా నిద్ర కరెంట్ 2 నుంచి 20 మైక్రోయాంప్‌లు చేద్దాం. డేటాషీట్‌లో చూస్తే చిన్న అంకె, ఎవరూ పట్టించుకోరు. బ్యాటరీ? 14 నెలలు. ఇంకో తమాషా. 20 మిల్లీయాంప్‌లు తాగే చిప్ అదే పనిని నాలుగో వంతు టైమ్‌లో ముగించి పడుకుంటే, 10 మిల్లీయాంప్‌ల చిప్ కన్నా ఎక్కువ ఏళ్లు వస్తుంది. తిండి ఎక్కువే కానీ పని చకచకా చేసి ఇంటికెళ్లే కూలీ లాంటిది.

ఈ నిద్ర సంగతి ముందే పట్టుకున్నవాళ్లు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. 1990ల మొదట్లో జర్మనీలోని వాళ్ల టీమ్ ఎంఎస్‌పీ430 అనే మైక్రోకంట్రోలర్ మొదలుపెట్టింది. మీటర్ల లాంటి, ఏళ్ల తరబడి బ్యాటరీ మీద ఉండే వాటి కోసం. దాని గొప్ప అంతా నిద్రలో ఒకటి రెండు మైక్రోయాంప్‌లు, పిలిస్తే 6 మైక్రోసెకండ్లలోపు లేవడం. లేవడం ఎందుకు ముఖ్యం? ఒళ్లు విరుచుకుంటూ లేచే టైమ్‌లో కూడా కరెంట్ ఖర్చవుతుంది కదా. 2004లో ఆర్మ్ కూడా చిన్న డివైస్‌ల కోసం కార్టెక్స్ ఎం3 తెచ్చింది. థంబ్ తరహా పొట్టి ఇన్‌స్ట్రక్షన్లు, నిద్రపోయే ఇన్‌స్ట్రక్షన్, ఇంటరప్ట్ వస్తే 12 క్లాక్ సైకిల్స్‌లో స్పందన. 1983లో విల్సన్, ఫర్బర్ పెట్టిన రెండో కంప్లైంట్ గుర్తుందా? కీబోర్డ్ కోసం అడిగింది, ఇరవై ఏళ్ల తర్వాత సెన్సర్లకి అక్కరకొచ్చింది.

మన బీటెక్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ అంటే 8086, 8051. 8051 వచ్చింది 1980లో. దాన్ని తక్కువ చేయడం లేదు, నేర్చుకోవడానికి మంచిదే. కానీ ల్యాబ్‌లో ఒక్కసారైనా స్లీప్ కరెంట్ కొలిచామా? కిట్ గోడ ప్లగ్‌కే ఉంటుంది కదా మరి. తర్వాత హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి నోడ్ ఎంసీయూ బోర్డు కొంటాం. అందులోది ఈఎస్‌పీ8266, 2014లో షాంఘై కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ తెచ్చిన వైఫై చిప్. అంత చవకగా వైఫై ఇవ్వడం నిజంగా గొప్పే. కానీ వైఫైలో పంపేటప్పుడు 170 మిల్లీయాంప్‌ల దాకా లాగుతుంది. డీప్ స్లీప్‌లో 20 మైక్రోయాంప్‌లే అని డేటాషీట్ చెప్తుంది, అది చిప్ సంగతి. బోర్డు మీద రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ కూడా ఉంటాయి, అవి పడుకోవు. చిప్ నిద్రపోయినా బోర్డు మేలుకుని మిల్లీయాంప్‌లు తాగుతూనే ఉంటుంది. గుంటూరు తోటలో జరిగింది సగం ఇదే, మిగతా సగం లేచిన ప్రతిసారీ వైఫై కనెక్ట్ అవడానికి పట్టే సెకండ్లు. ప్రాసెసర్‌ని మాత్రమే చూసి ఎంచుకుంటే రేడియో ముంచేస్తుంది.

కామెంట్స్‌లో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: కొత్త చిప్ అయితే కరెంట్ తక్కువే కదా, ఫోన్లలో 3 నానోమీటర్ అంటున్నారు? నడిచేటప్పుడు నిజమే. వోల్టేజ్ తగ్గితే ఖర్చు దాని వర్గం చొప్పున తగ్గుతుంది, 5 వోల్టుల నుంచి 3.3కి వస్తేనే సగానికి దిగువ. కానీ ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ, ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంట్ కారడం పెద్ద సమస్య అవుతుంది. పాత కుళాయి చుక్కలు కారినట్టు. రోజంతా నిద్రపోయే డివైస్‌కి ఆ చుక్కలే ప్రాణాంతకం. అందుకే ఇప్పటికీ చాలా మైక్రోకంట్రోలర్లు 90, 40 నానోమీటర్ లాంటి పాత పద్ధతుల్లోనే తయారవుతున్నాయి. అది వెనకబాటుతనం కాదు, తెలిసి చేసేదే. ఫోన్లలో ఇదే సమస్యకి 2011లో ఆర్మ్ వేరే దారి చూపింది: ఒకే చిప్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు. మీరు లాక్ చేసి పక్కన పెట్టినప్పుడు చిన్నవే మేలుకుని వాట్సాప్ మెసేజ్‌లు చూసుకుంటాయి. మీ ఫోన్ బాక్స్ మీద ఆక్టా కోర్ అని ఉంటే, ఆ ఎనిమిదీ సాధారణంగా ఒకే రకం కావు.

ఇక ఇప్పుడు ఏం జరుగుతోందంటే, కథ మళ్లీ బర్క్‌లీకే వెళ్లింది. 2010లో అదే యూనివర్సిటీలో రిస్క్ ఫైవ్ మొదలైంది, ఎవరైనా లైసెన్స్ ఫీజు లేకుండా వాడుకోగల ఇన్‌స్ట్రక్షన్ల సెట్. మన ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు దాని మీదే కట్టినవి. ఇందాక చెప్పిన ఎస్‌ప్రెసిఫ్ వాళ్లు కూడా ఈఎస్‌పీ32 సీ3 నుంచి దానికి మారడం మొదలుపెట్టారు. గుజరాతీ గల్లీలో ఆ బోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. రెండు తెచ్చి పెట్టాను. వచ్చే ఎపిసోడ్‌లో ఒకదాని మీద రెగ్యులేటర్ పీకేసి, నిద్రలో నిజంగా ఎంత తాగుతుందో కెమెరా ముందే మీటర్ పెట్టి కొలుద్దాం.